మా రోజుల్లో దారి చెప్పి మరీ పంపేవారు

ఇంగ్లండులో నాలుగైదేళ్లు ఉద్యోగం చేసి తిరిగొచ్చిన మన పిల్లల్లో ఎవరినైనా పట్టుకుని, అక్కడి జీతంలో ఎన్ఐ కింద ఎంత పోయిందో అడిగి చూడండి. "ఏమో అంకుల్, పేస్లిప్‌లో ఏదో కట్టయ్యేది" అంటారు. ఆ ఏదో అన్నది నేషనల్ ఇన్సూరెన్సు. ముసలితనంలో వారం వారం చేతికి రావలసిన పెన్షనుకు అదే చందా. ఆ సంగతి వాళ్లకు చెప్పినవాడు లేడు, వాళ్లూ అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక బ్రిటిషు ప్రభుత్వం పిలిచి పెడుతుందా?

మా రోజుల్లో పిలిచి చెప్పేవారు. నా బాధంతా అదే.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు ముగించుకుని 1972లో నేను లాంకషైర్ వెళ్లాను. అప్పటికింకా మన డిగ్రీలను అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ నేరుగా గుర్తించేది. 1975లో ఆ గుర్తింపు తీసేశారు. ఆ రోజుల్లో ప్రతి ఉద్యోగికీ అట్టలాంటి కార్డు ఒకటి ఉండేది. దాని మీద వారానికొక గడి. జీతాల గుమాస్తా ఆ గడిలో స్టాంపు అతికించేవాడు, లేదా మిషనుతో ముద్ర కొట్టేవాడు. 1948 జులై 5న ఈ ఏర్పాటు మొదలైన నాటి నుంచీ అదే పద్ధతి. కుర్ర డాక్టర్లకు ఆర్నెల్లకోసారి ఆసుపత్రి మారడం మామూలు, అందుకని కార్డు మాటిమాటికీ మా చేతికొచ్చేది. ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో అప్పగించాలి. రైల్లో కూర్చుని తీసి చూసుకునేవాళ్లం. గడి ఖాళీగా ఉంటే కంటికి కొట్టొచ్చినట్టు కనపడేది. కొత్త ఆసుపత్రి గుమాస్తాయే దాని మీద వేలు పెట్టి, "ఈ వారాలు ఎక్కడున్నారు డాక్టర్?" అని అడిగేవాడు. అమ్మకు ఒంట్లో బాగాలేక ఇండియా వెళ్లొచ్చానంటే, "ఏం ఫరవాలేదు, ఆ వారాలకు మీరే కట్టుకోవచ్చు, పోస్టాఫీసులో అడగండి" అని దారి చూపించేవాడు. అతనికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. గడి ఖాళీగా ఉండకూడదన్నది అతని పట్టింపు.

1975 ఏప్రిల్‌తో ఉద్యోగులకు స్టాంపులు పోయాయి. జీతంలో శాతం లెక్కన కోత మొదలైంది. లెక్క ప్రకారం అది న్యాయమైన మార్పే, తక్కువ జీతగాడు తక్కువ కట్టే పద్ధతి. కానీ ఆ కార్డు పోవడంతో మనిషి తన ఖాతాను తన కళ్లతో చూసుకునే అలవాటు కూడా పోయింది. నిర్లక్ష్యం అక్కడే మొదలైందని నేను గట్టిగా నమ్ముతాను.

మా ఆవిడ సంగతి కూడా చెప్పాలి. ఆవిడ నేను పనిచేస్తున్న ఊళ్లోనే ఆసుపత్రి ల్యాబులో చేరింది. పెళ్లయిన ఆడవాళ్లు కావాలంటే తగ్గింపు స్టాంపు కట్టే వీలు అప్పట్లో ఉండేది. చిన్న స్టాంపు అనేవారు. వారం జీతంలో నాలుగు డబ్బులు మిగిలేవి గానీ, ఆ కట్టుబడి మీద సొంత పెన్షను రాదు, మొగుడి ఖాతాను పట్టుకుని వేలాడాలి. చేరిన రోజున మా ఆవిడ ఆ ఫారం మీద సంతకం పెట్టబోతుంటే, ల్యాబులో పనిచేసే పెద్దావిడ ఒకరు కాగితం చేతిలోంచి లాక్కున్నారట. "నేను పెట్టాను ఆ సంతకం. నువ్వు పెట్టకు. పూర్తి స్టాంపే కట్టు" అన్నారట. 1977లో ఆ చిన్న స్టాంపును కొత్తవాళ్లకు ఎత్తేశారు. ఈపాటికి పెన్షను వయసు దాటిన ఇంగ్లీషు ఆడవాళ్లలో దాని దెబ్బ తిన్నవాళ్లు బోలెడుమంది. ముక్కూ మొహం తెలియని పరాయి దేశపు పిల్లకు ఆవిడ చేసిన మేలు మా ఇంట్లో ఈ రోజుకీ నడుస్తోంది.

1984లో ఉద్యోగం వదిలేసి గుంటూరు వచ్చేస్తుంటే, ఆఖరి జీతం కాగితాలతో పాటు జీతాల గుమాస్తా నా చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టింది. ఎన్ఐ 38 అని, విదేశాలకు పోయేవాళ్ల కోసం ప్రభుత్వం అచ్చేసింది. అందులో రెండు దారులున్నాయి. దేశం విడిచేముందు దాకా ఉద్యోగంలో ఉండి, బయట కూడా ఏదో పనిచేసుకుంటూ ఉంటే క్లాస్ 2 అనే చవక చందా కట్టుకోవచ్చు. పని లేకపోయినా కట్టాలనుకుంటే క్లాస్ 3 అని ఖరీదైనది ఉంది. బ్రిటన్‌లో మూడేళ్లు ఉన్నా, మూడేళ్లు చందా కట్టినా చాలు, ఆ తలుపు తెరిచే ఉండేది. "ఆపకండి డాక్టర్, ఇన్నేళ్లు కట్టింది వృథా పోతుంది" అని ఆ అమ్మాయి నా చేత అక్కడికక్కడే దరఖాస్తు రాయించింది.

కట్టాను. ఆ రోజుల్లో ఇక్కడి నుంచి విదేశానికి డబ్బు పంపడమంటే రిజర్వు బ్యాంకు అనుమతుల వ్యవహారం. 2004 దాకా సామాన్యుడికి ఈనాటి వెసులుబాటు లేదు. బ్రాడీపేటలో బ్యాంకు మేనేజరుకు ఇదేమిటో అర్థమయ్యేది కాదు, "బీమానా సార్, పెన్షనా?" అని ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పించుకునేవాడు. అయినా ఏటా న్యూకాసిల్ దగ్గర లాంగ్‌బెంటన్ నుంచి చందా కాగితం వచ్చేది, నేను కట్టేవాణ్ని, అందినట్టు జాబు వచ్చేది. 2000 సంవత్సరంలో క్లాస్ 2 చందా వారానికి 2 పౌండ్లు. నా పెన్షను వయసు వచ్చిన 2011లో రెండున్నర పౌండ్లు.

మా కాలమంతా బంగారమని నేననడం లేదు. మగవాడికి పూర్తి పెన్షను రావాలంటే అప్పట్లో 44 ఏళ్లు కట్టాలి, ఆడవాళ్లకు 39. నాలుగో వంతు కూడా పూర్తి కాకపోతే చిల్లిగవ్వ రాదు. అది కఠినమైన నియమం. తర్వాత 2007లో చట్టం తెచ్చి, 2010 ఏప్రిల్ నుంచి 30 ఏళ్లు చాలన్నారు. ముందే ముప్పై దాటించుకున్న నాలాంటివాళ్లకు పై ఏళ్లకు కట్టింది ఎందుకూ కొరగాకుండా పోయింది. దానికి నేను గొణుక్కోలేదు, ఎందుకంటే ఆ మార్పుతో లక్షలమంది ఆడవాళ్లకు మేలు జరిగింది, పైగా మూడేళ్ల ముందుగా చెప్పి చేశారు. 2016 ఏప్రిల్ 6 నుంచి కొత్త పెన్షను వచ్చింది. పూర్తిగా రావాలంటే 35 ఏళ్లు, ఏ కాస్తయినా రావాలంటే కనీసం పదేళ్లు.

ఇప్పుడు సంగతి చూడండి. 2025 నవంబరు 26న ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ బడ్జెట్ పెట్టారు. 2026 ఏప్రిల్ 6 నుంచి విదేశంలో ఉన్నవాళ్లకు క్లాస్ 2 లేదు. క్లాస్ 3 కట్టాలన్నా ఇకమీదట మూడేళ్లు చాలవు, బ్రిటన్‌లో పదేళ్లు ఉండి ఉండాలి, లేదా పదేళ్లు చందా కట్టి ఉండాలి. ప్రకటనకూ అమలుకూ మధ్య నిండా అయిదు నెలలు లేవు. మా రోజుల్లో ఒక నియమం మారాలంటే ఏళ్ల తరబడి చెప్పేవారు. ఇప్పుడు పండక్కి ముందు చెప్పి ఉగాది వెళ్లేసరికి అమల్లో పెట్టేశారు.

డబ్బు లెక్కలో చెబితే దీని బరువు తెలుస్తుంది. 2025-26లో క్లాస్ 2 వారానికి మూడున్నర పౌండ్లు, అంటే ఏడాదికి 182. మరుసటి ఏడాది క్లాస్ 3 వారానికి 18.40 పౌండ్లు, ఏడాదికి 957 దాకా. అయిదింతలు. అయినా సరే, కట్టగలిగినవాడు కట్టాలనే నేనంటాను. 2026-27లో పూర్తి కొత్త పెన్షను వారానికి 241.30 పౌండ్లు. అందులో 35వ వంతు, ఒక ఏడాది చందాకు వచ్చే వాటా, వారానికి 6.89 పౌండ్లు. ఏడాదికి 358. పెన్షను మొదలయ్యాక మూడేళ్లు బతికితే కట్టింది తిరిగొచ్చేసినట్టే, ఆపైన బతికినంత కాలం వచ్చేదంతా మిగులు. క్లాస్ 2 ఉన్న రోజుల్లో ఆర్నెల్లకే తిరిగొచ్చేది. ఇంత మంచి బేరం ఏళ్ల తరబడి కళ్లముందు ఉంటే మనవాళ్లలో వాడుకున్నది ఎంతమంది? నాకు తెలిసిన కుర్రాళ్లలో ఇందుకు నింపాల్సిన దరఖాస్తు ఫారం పేరు విన్నవాళ్లే అరుదు. సీఎఫ్ 83 అంటే కారు మోడలా అని అడిగాడొకడు.

పిల్లల మీద నాకున్న కోపం అదొక్కటే కాదు. కాగితాలు దాచరు. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే పీ45, ఏటా ఇచ్చే పీ60, ఆఫీసు ఈమెయిల్లో ఉన్నాయంటారు. ఉద్యోగంతో పాటే ఆ ఈమెయిలూ పోయింది. రెండు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక అక్షరం ఉండే ఎన్ఐ నంబరు, చచ్చేదాకా మారనిది, అదీ నోటికి రాదు. క్రెడిట్ కార్డు పాయింట్లు ఎన్నున్నాయో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

అయితే తప్పంతా పిల్లల మీద రుద్దితే నేను అన్యాయం చేసినవాణ్నవుతాను. మాకు మనిషి ఉండేవాడు, వీళ్లకు తెర ఉంది. ఈ మధ్య మా అపార్ట్‌మెంటులో కుర్రాడొకడు తన ఖాతాలో ఖాళీ ఏళ్లు కనుక్కోవాలని నా ముందే ఫోను పెట్టాడు. పాట వినిపిస్తూనే ఉంది. కాఫీలు తాగాం, కప్పులు కడిగేశాం, పాట మారలేదు. ఎట్టకేలకు పలికిన మనిషి వెబ్‌సైటులోకి వెళ్లి చూసుకోమంది. వెబ్‌సైటేమో బ్రిటిషు పాస్‌పోర్టు ఉందా అని అడుగుతోంది. మా గుమాస్తా వేలు పెట్టి చూపించిన ఖాళీ గడి ఇప్పుడు ఎవరికి కనపడాలి?

చెప్పకపోవడం అన్నది అక్కడివాళ్లకే శాపమైంది, మనదెంత. 1995 చట్టంతో ఆడవాళ్ల పెన్షను వయసును 60 నుంచి పెంచారు. 1950లలో పుట్టిన ఆడవాళ్లకు ఆ సంగతి సరిగ్గా, సకాలంలో తెలియజేయలేదని పార్లమెంటు అంబుడ్స్‌మన్ 2024 మార్చిలో తేల్చి, పరిహారం ఇవ్వాలన్నారు. ప్రభుత్వం ఆ డిసెంబరులో కుదరదంది. సొంత ఆడపడుచులకే అలా చెప్పినవాళ్లు తెనాలి నుంచో కరీంనగర్ నుంచో వెళ్లి వచ్చిన పిల్లకు వెతికి మరీ చెబుతారా?

ప్రభుత్వం వాదన కూడా నేను విన్నాను. బ్రిటన్‌తో పెద్దగా సంబంధం లేనివాళ్లు ఏడాదికి నూట ఎనభై పౌండ్లు కట్టి జీవితాంతం పెన్షను సంపాదించుకుంటున్నారని వాళ్ల ఫిర్యాదు. అందులో కొంత నిజముంది. ధర పెంచితే నేను ఒప్పుకునేవాణ్ని. నేను ఒప్పుకోలేనిది పదేళ్ల గీత. ఎందుకో చెబుతాను.

ఏడేళ్లు అక్కడ పనిచేసిన మన కుర్రాణ్ని తీసుకోండి. నెల నెలా జీతంలోంచి ఎన్ఐ పోయింది. 2024 ఏప్రిల్ దాకా పన్నెండు శాతం, పది శాతం, ఆ తర్వాత ఎనిమిది శాతం. అతని పేరు మీద యజమాని వేరే కట్టాడు, 2025 ఏప్రిల్ నుంచి అది పదిహేను శాతం. ఇది కాక వీసా తీసుకున్నప్పుడల్లా ఆరోగ్య సర్‌ఛార్జి. 2015లో ఏడాదికి 200 పౌండ్లతో మొదలుపెట్టి, 2024 ఫిబ్రవరికి 1,035 చేశారు. మా రోజుల్లో ఇది లేనే లేదు. స్టాంపు కట్టిన చేతికి ఆసుపత్రి తలుపు తెరిచేవారు. ఇప్పుడు స్టాంపూ కట్టాలి, సర్‌ఛార్జీ కట్టాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇన్ని కట్టి ఏడేళ్లకు తిరిగొస్తే, పెన్షనుకు కావలసిన కనీస అర్హత పదేళ్లు. నిన్నటిదాకా మిగిలిన మూడేళ్లూ ఇక్కడి నుంచి కట్టుకుని పది నింపుకునేవాడు. ఇప్పుడు ఆ తలుపు మూసేశారు. ఆ ఏడేళ్ల సొమ్ముకు వచ్చే పెన్షను సున్నా.

మా ఊళ్లో చిట్టీల వ్యాపారి ఎంత మొండివాడైనా, మధ్యలో మానేసినవాడికి కోత కోసుకునైనా కట్టిన డబ్బు తిరిగిచ్చేవాడు. ఇక్కడ అది కూడా లేదు.

అదే కుర్రాడు అమెరికాలోనో యూరప్ దేశాల్లోనో పనిచేసి ఉంటే, అక్కడి ఏళ్లు కూడా కలుపుకుని పదేళ్ల అర్హత చూసే ఒప్పందాలున్నాయి. మనతో అలాంటిది లేదు. 2025లో వాణిజ్య ఒప్పందంతో పాటు చందాల ఒప్పందం కూడా కుదిరిందని మన పేపర్లు పెద్ద అక్షరాలతో రాశాయి. నేనూ ఆశగా చదివాను. కంపెనీ తాత్కాలికంగా అక్కడికి పంపిన మనిషి రెండు దేశాల్లోనూ చందా కట్టక్కర్లేదు, ఒక దేశంలో కడితే చాలన్నది దాని సారం. మంచిదే. కానీ అక్కడ ఇప్పటికే కట్టేసిన ఏళ్లను లెక్కలో కలిపే మాట అందులో లేదు. మన ప్రతినిధులు దాన్ని గట్టిగా అడగాల్సింది. ఇప్పటికైనా అడగాలి.

ఇక పెన్షను చేతికొచ్చాక జరిగే అన్యాయం వేరే ఉంది. అది మా తరానిదే. 2011లో నాకు పెన్షను మొదలైనప్పుడు పూర్తి మొత్తం వారానికి 102.15 పౌండ్లు. ఈ రోజుకీ అంతే. బ్రిటన్‌లో ఉన్నవాడికి అదే పెన్షను ఏటా పెరుగుతూ 2026-27కి 184.90 అయింది. ఇండియాలో ఉన్నవాడికి మొదటి రోజున ఎంతో చివరి రోజున కూడా అంతే. ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల్లో ఉన్నవాళ్లదీ ఇదే గతి. ఇలా గడ్డకట్టిన పెన్షన్లతో బతుకుతున్నవాళ్లు నాలుగు లక్షలకు పైమాటే. నాతో పాటు అదే వార్డులో రాత్రి డ్యూటీలు చేసిన మిత్రుడు తర్వాత న్యూజెర్సీలో స్థిరపడ్డాడు. కట్టింది అదే చందా, పనిచేసింది అదే ఆసుపత్రి. అమెరికాలో ఉన్నాడు కాబట్టి అతనికి పెరుగుతుంది. నేను మా అబ్బాయిని చూడ్డానికి బ్రిటన్ వెళ్లి చెబితే, అక్కడున్న వారాలకు పెరిగిన రేటు ఇస్తారు. తిరుగు విమానం ఎక్కగానే మళ్లీ 2011. దీంట్లో న్యాయం ఎక్కడుందో నాకు చెప్పగలిగిన ఇంగ్లీషువాడు ఇంతవరకూ తారసపడలేదు.

దక్షిణాఫ్రికాలో ఉంటున్న అనెట్ కార్సన్ అనే ఆవిడ దీని మీద కోర్టుకెక్కారు. 2005లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడిపోయారు. పట్టు వదలకుండా మరికొందరితో కలిసి స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్తే, 2010 మార్చిలో పదకొండు మంది జడ్జీలు కాదన్నారు, ఆరుగురు ఆవిడ పక్షాన నిలిచారు. ఆ ఆరుగురి మాటే న్యాయమని నా నమ్మకం. చందా తీసుకునేటప్పుడు గుంటూరు అడ్రసు అడ్డం రాలేదు కదా.

పౌండు విలువ పెరిగింది కాబట్టి మీకేం నష్టం అంటారు కొందరు. 2011లో పౌండుకు 75 రూపాయలకు అటూ ఇటూగా వచ్చేది, ఇప్పుడు 110 దాటింది, నిజమే. ఆ మధ్యకాలంలో గుంటూరులో మందుల ఖర్చు ఎంత పెరిగిందో నా కంటే బాగా ఎవరికి తెలుసు? మా ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరుగారికి కరువు భృతి అని ఉంది. ఆలస్యంగానైనా, ధర పెరిగితే పెన్షను పెరగాలన్న సూత్రం ఉంది. నాకు ఆ సూత్రమే లేదు. బతికున్నట్టు కాగితం మాత్రం ఇద్దరికీ తప్పదు. ఆయన వేలిముద్ర వేసి ఇంట్లోంచే పని కానిస్తారు. నాకు పోస్టులో ఫారం వస్తుంది, సాక్షి సంతకంతో పదహారు వారాల్లోగా చేరాలి, లేకపోతే పెన్షను ఆపేస్తారు.

ఇన్ని చెప్పాక కూడా, కట్టమనే నా సలహా. పదేళ్లు నిండినవాళ్లు క్లాస్ 3 కట్టుకోండి. నిండనివాళ్లు, వెనకటి ఖాళీలకు మామూలుగా ఆరేళ్ల గడువుంటుంది కాబట్టి, ఏ ఏళ్లు నింపుకోవచ్చో ఈ వారమే రాసి అడగండి. 2006 నుంచి 2016 దాకా ఖాళీలు నింపుకోవడానికి ఇచ్చిన ప్రత్యేక గడువు రెండుసార్లు పొడిగించి, 2025 ఏప్రిల్ 5తో ముగించేశారు. అప్పుడు నేను ఫోన్లు చేసి చెప్పినవాళ్లలో సగంమంది "చూద్దాం అంకుల్" అన్నారు. ఇక చూడ్డానికేం లేదు.

మా మేనకోడలి కూతురు రెడింగ్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తోంది. ఎనిమిదేళ్లు దాటి తొమ్మిదో ఏడు నడుస్తోంది. సంక్రాంతికి ఉద్యోగం మానేసి వచ్చేస్తానంటే వాళ్లమ్మ సంబరపడింది. నేను అడ్డుపడ్డాను. పదో ఏడు నిండేదాకా కదలవద్దన్నాను. వాళ్లమ్మకు నా మీద కోపం వచ్చింది, "డబ్బు కోసం పిల్లను అక్కడే ఉండమంటావా మావయ్యా" అని నిలదీసింది. కాగితం తీసుకుని, తొమ్మిదేళ్లకు ఎంత వస్తుందో ఒక పక్క, పదేళ్లకు ఎంత వస్తుందో ఇంకో పక్క వేసి చూపించాను. ఒక పక్క ఏమీ లేదు. ఇంకో పక్క వారానికి 68 పౌండ్ల 94 పెన్నీలు, పైన ఇక్కడి నుంచే కట్టుకుంటూ పోయే హక్కు. పిల్ల ఉండిపోతానంది.